పదికి ఎన్ని?

మేం అయిదుగురం వంతులవారీగా ఒకరికొకరం పాటల ఆల్బమ్‌లు ఇచ్చుకుని, విని, పదికి మార్కులు వేసుకుంటాం. వరంగల్ మాస్టారు ఏదైనా ఆల్బమ్ ఇచ్చారంటే దాని పక్కన ఒక వాక్యం కూడా ఉంటుంది. అది మా నియమం. ఊరికే "చాలా బాగుంటుంది, వినండి" అంటే ఒప్పుకోం. ఎక్కడ చెవి పెట్టాలో చెప్పాలి. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఇచ్చినప్పుడు ఆయన రాసిన వాక్యం ఇది: "ఖరహరప్రియ వచ్చినవాళ్లు మొదటి ట్రాక్ దగ్గర కాస్త నిదానించండి."

మాలో ఖరహరప్రియ రాగం వచ్చినవాళ్లు ఇద్దరే, మాస్టారు, డాలస్ చెల్లి. మాస్టారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు, ఇంట్లో తన కోసం తాను వయొలిన్ వాయించుకుంటారు. చెల్లి చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, ఇప్పుడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాజమండ్రి అన్నయ్య ఆడిటర్. సంగీతం నేర్చుకోలేదు గానీ ఏ తెలుగు పాట ఎవరు రాశారో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కూకట్‌పల్లి తమ్ముడు రిసెప్షన్లలో, ఈవెంట్లలో డ్రమ్స్ వాయిస్తాడు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాకు చుట్టరికం ఏమీ లేదు. పాటల పిచ్చి వల్ల ఒకరికొకరం తెలిసినవాళ్లం, పిలుపుల్లో మాత్రం అన్నాచెల్లెళ్లమైపోయాం.

పద్ధతి సులువే. వంతు వచ్చినవాళ్లు ఒక ఆల్బమ్ ఇస్తారు. మిగతావాళ్లు దాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఉన్న వరుసలోనే వినాలి. షఫుల్ పెట్టకూడదు, నచ్చని పాట దాటెయ్యకూడదు. కనీసం మూడుసార్లు వినాలి, అందులో ఒకసారైనా వేరే పనేదీ చేయకుండా వినాలి. మార్కు పదికి. అర మార్కు వేయొచ్చు, పావు మార్కు కుదరదు. ఇచ్చినవాళ్లు తమ ఆల్బమ్‌కి తాము వేసుకోరు. అందరి మార్కులూ ఆదివారం రాత్రి ఒకేసారి బయటపెడతాం, ఒకరిది చూసి ఇంకొకరు మార్చుకోకుండా. తర్వాత ఫోన్‌లో మాట్లాడుకుంటాం. డాలస్‌లో అప్పటికి పొద్దున. చెల్లి కాఫీ కప్పుతో కూర్చుంటుంది, మాస్టారు భోంచేసి కూర్చుంటారు.

మార్కులు వేయడం గురించి చాలామంది నాతో వాదించారు. సంగీతానికి మార్కులేంటి, అదేమన్నా పరీక్ష పేపరా అని. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ నా అనుభవంలో మార్కు వేయాలి అనుకున్నప్పుడే నేను చివరి దాకా విన్నాను. అంకె రాయాలంటే నాకేం నచ్చిందో, ఎక్కడ నా దృష్టి జారిందో నాకు నేను జవాబు చెప్పుకోవాలి. ఏడున్నరకీ ఎనిమిదికీ మధ్య ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో చెప్పలేకపోతే ఆదివారం రాత్రి మాస్టారు వదలరు.

నాకు వినడానికి దొరికే సమయం మెట్రోలోనే. మియాపూర్‌లో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతాను. మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది. ముప్పావుగంట ప్రయాణం. పాత ఎల్పీ రికార్డు ఒక్కో వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాల సంగీతం పట్టేది, అందుకే ఆ కాలపు ఆల్బమ్‌లు చాలావరకు నలభై, నలభై అయిదు నిమిషాల్లో ముగుస్తాయి. అమీర్‌పేట చేరేసరికి మొదటి వైపు అయిపోతుంది. అక్కడ సగం బోగీ దిగి, అంతకు రెండింతలు ఎక్కుతారు. ఆ తోపులాటలోనే నాకు రెండో వైపు మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్లు దిగుతున్నప్పుడు చివరి ట్రాక్ వాయిస్తూ ఉంటుంది. ఇంత కుదిరిన కొలత ఎవరో కూర్చుని లెక్కేసినా దొరకదు.

'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. మార్చి 2, ఏప్రిల్ 22, ఈ రెండు రోజుల్లో మొత్తం అయిపోయింది. మొదటి ట్రాక్ 'సో వాట్'. పియానో, బాస్ కాసేపు దారి వెతుక్కుంటాయి. తర్వాత బాస్ ఒక ప్రశ్న వేస్తుంది, మిగతావాళ్లు రెండే స్వరాలతో జవాబిస్తారు. పాట చట్రం ముప్పై రెండు బార్లు, బారంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది. మొదటి పదహారు బార్లూ ఒకే స్కేలు. పాశ్చాత్య సంగీతంలో దాన్ని డోరియన్ అంటారు, స్వరస్థానాలు చూస్తే అచ్చం మన ఖరహరప్రియ. తర్వాతి ఎనిమిది బార్లకి అదే స్కేలు అలాగే అరమెట్టు పైకి వెళ్తుంది. చివరి ఎనిమిది బార్లకి మళ్లీ కిందికి వచ్చేస్తుంది. మాస్టారు నిదానించమన్నది ఇక్కడ. మన కచేరీలో షడ్జం, అంటే ఆధారమైన 'స', కదలదు, తంబూరా దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఇక్కడ రాగం మారదు, షడ్జమే జరుగుతుంది. అది తెలిశాక వింటే ఆ ఎనిమిది బార్ల దగ్గర నిలబడ్డ నేల లిఫ్ట్‌లా కొంచెం లేచి మళ్లీ దిగినట్టుంటుంది. తెలియక ముందు కూడా ఏదో జరుగుతోందని చెవికి అందుతుంది గానీ ఏం జరుగుతోందో పట్టుకోలేం.

చెల్లి దీనికి ఏడున్నర వేసింది. ఆమె మాట: "స్వరాలు ఖరహరప్రియవే మాస్టారూ, కానీ గమకం లేకుండా ఎక్కినా దిగినా నాకు పొద్దున్నే వీణ ముందు కూర్చుని చేసిన సరళీ వరసలే గుర్తొచ్చాయి." గమకం అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం. త్యాగరాజు ఖరహరప్రియలో చేసిన 'చక్కని రాజమార్గము' విని పెరిగిన చెవి అది, ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మాస్టారు మాత్రం ఊరుకోలేదు. గమకం స్వరంలో లేకపోతే ఊపిరిలో ఉంది చూడమన్నారు. మైల్స్ ట్రంపెట్‌లో ఒక స్వరం మొదలయ్యేటప్పుడు ఎలా ఉంది, వదిలేటప్పుడు ఎలా ఉంది, అది మాత్రం వినమన్నారు. తమ్ముడు ఇంకో చోటు చూపించాడు. ట్రంపెట్ సోలో మొదలయ్యే క్షణంలో డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అది మోగి మోగి, ట్రంపెట్ రెండో వాక్యంలోకి వెళ్లే దాకా కరుగుతూనే ఉంటుంది. "అక్కా, రిసెప్షన్‌లో నేను ఒక్క రాత్రికి సింబల్ వందసార్లు కొడతాను, ఇలా ఒక్కటి పడదు" అన్నాడు. ఆ మరుసటి రోజు మెట్రోలో ఆ ఒక్క దెబ్బ కోసమే మళ్లీ మళ్లీ వెనక్కి జరిపాను.

ఈ ఆల్బమ్‌కి సంబంధించి ఫిజిక్స్ టీచరుగా నన్ను పట్టేసిన సంగతి ఇంకొకటి ఉంది. మార్చి రోజున స్టూడియోలో టేప్ మెషిన్ ఒకటి కొంచెం నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగే టేపు మీద పట్టిన సంగీతాన్ని మామూలు వేగంతో వాయిస్తే అది వేగంగా, శ్రుతి పెరిగి వినిపిస్తుంది. ఆ టేపు నుంచే రికార్డులు తయారయ్యాయి. దాంతో మొదటి వైపున్న మూడు ట్రాకులూ దశాబ్దాల పాటు అసలు శ్రుతి కంటే కొంచెం పైనే లోకమంతా విన్నది. అదే రోజు పక్కన సరైన వేగంతో తిరిగిన ఇంకో మెషిన్ టేపు ఆధారంగా 1990లలో సరిచేశారు. తేడా అరమెట్టు కూడా లేదు. పాత రికార్డుతో పాటు వాయించి సాధన చేసినవాళ్లకి మాత్రం ఎంత తేడా ఉంటుంది! వాయిద్యం శ్రుతి చేసుకుంటే రికార్డుతో కలవదు, రికార్డుతో కలిపితే రెండో వైపుకి పనికిరాదు. మా తమ్ముడు ఎక్కడినుంచో రెండూ సంపాదించి పక్కపక్కన పెట్టి పంపాడు. పౌనఃపున్యం పాఠం చెప్పేటప్పుడు క్లాసులో అవి వినిపించాను. జాజ్ అంటే ఏంటో తెలియని పిల్లలు కూడా రెండోసారి వినగానే "ఇది కొంచెం కింది శ్రుతిలో ఉంది మేడమ్" అన్నారు.

నేను తొమ్మిది వేశాను. 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' మంచి ట్రాకే, కానీ 'సో వాట్' తర్వాత నాకది కొంచెం తేలికగా అనిపించింది. ఆ ఒక్క మార్కూ అక్కడే పోయింది. మాస్టారికి అది ఇప్పటికీ మింగుడుపడలేదు.

తర్వాత రాజమండ్రి అన్నయ్య వంతు. 'గీతాంజలి' ఇచ్చారు. ఇవ్వగానే పెద్ద వాదన మొదలైంది. సినిమా పాటల క్యాసెట్టు ఆల్బమ్ అవుతుందా? మాస్టారి వాదన ఏమిటంటే, ఆల్బమ్ అంటే ఏ పాట తర్వాత ఏ పాట రావాలో తయారు చేసినవాళ్లు నిర్ణయించినది. సినిమా పాట సన్నివేశం కోసం పుడుతుంది. క్యాసెట్టు మీద వరుస నిర్ణయించేది కంపెనీ. పైగా నేపథ్య సంగీతం అందులో ఉండనే ఉండదు. అన్నయ్య గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు, కానీ ఆ రోజు పెంచారు. "పాటలన్నీ వేటూరి ఒక్కరే రాశారు. సంగీతం ఇళయరాజా ఒక్కరే. 'జల్లంత కవ్వింత' తప్ప మిగతా అన్నిట్లో బాలుగారి గొంతు ఉంది. ఇంతకంటే ఒక్క మనసుతో తయారైన ఆల్బమ్ మీరు నాకొకటి చూపించండి మాస్టారూ."

ఆయన రాసిన వాక్యం: "'ఓం నమః'లో తాళం ఎవరు వేస్తున్నారో వినండి." 1989 నుంచి ఆ పాట వింటూనే ఉన్నాం. అయినా హెడ్‌ఫోన్ పెట్టుకుని, తాళం కోసమే విన్నప్పుడు వేరే పాట విన్నట్టయింది. కింద కొట్టుకుంటున్నది గుండె. తబలా కాదు, డ్రమ్ము కాదు. దాని మీద బాలు, జానకి గొంతులు దాదాపు గుసగుసల్లో నడుస్తాయి. చావు దగ్గరపడ్డ ఇద్దరి ప్రేమపాటకి గుండె చప్పుడే తాళం కావాలని తోచడం, తోచాక దానికి అడ్డం రాకుండా మిగతా వాయిద్యాలన్నిటినీ వెనక్కి జరిపి ఉంచడం, ఆ రెండోది ఇంకా పెద్ద పని అంటాను నేను.

ఈ వాదన నాకు ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే తెనాలిలో మా ఇంటి దగ్గరున్న రికార్డింగ్ షాపు గురించి చెప్పాలి. ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇచ్చి వస్తే రెండు రోజులకి రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. సిక్స్‌టీ అయితే వైపుకి అరగంట, నైంటీ అయితే ముప్పావుగంట. చీటీ నాన్న రాసేవారు. ఒక్కో సినిమా నుంచి ఒకటి, మహా అయితే రెండు పాటలు. వైపు అయిపోయే చోట చివరి పాట చరణం మధ్యలో తెగిపోయేది. ఇప్పటికీ కొన్ని పాటలు ఆ తెగిన చోటికి రాగానే నా చెవి ఆగిపోతుంది. కంపెనీ క్యాసెట్లు కొన్నా ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా. మేం పెరిగింది ఇలా. మాకు పాట తెలుసు, పల్లవి తెలుసు, చరణంలో కవి ఎక్కడ మెరిశాడో తెలుసు. అది గొప్ప వినికిడి, దాన్ని ఎవరూ తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ ఒక పాట పక్కన ఇంకో పాట ఎందుకు పెట్టారు, ఈ నిశ్శబ్దం ఇక్కడ ఎందుకు ఇంతసేపు ఉంది, ఇలాంటివి మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఈ ఆల్బమ్‌ల పద్ధతిలోకి వచ్చాకే నా చెవి ఆ ప్రశ్నలు వేసుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి 'గీతాంజలి'ని కూడా అలాగే వినాలని కూర్చున్నాను. నా ఫోన్‌లో ఉన్న యాప్‌లో పాటలు ఒక వరుసలో ఉన్నాయి, తమ్ముడి ఫోన్‌లో ఇంకో వరుస. సరే, అదైనా ఓర్చుకోవచ్చు. సంగీత దర్శకుడి పేరు ఉంది, గాయకుల పేర్లు ఉన్నాయి, వేటూరి పేరు మాత్రం నేను చూసిన చోట ఎక్కడా లేదు. తెలుగు పాటకి రాసినవాళ్ల పేరు లేకుండా వివరాలు పెట్టడం ఏం పద్ధతి? అన్నయ్య కోపం ఆ వారమంతా తగ్గలేదు, నాదీ తగ్గలేదు.

మార్కులు: తమ్ముడు తొమ్మిదిన్నర, నేను తొమ్మిది, చెల్లి తొమ్మిది, మాస్టారు ఎనిమిది. ఆ ఎనిమిది కూడా "పాటలకి తొమ్మిదిన్నర, ఆల్బమ్‌గా ఎనిమిది" అని విడదీసి చెప్పారు. ఆయన లెక్క నాకు సమ్మతం కాదు. ఏడు పాటలు ఒకే ఊపిరితో ఉన్నప్పుడు వరుస ఎవరు పెట్టారన్నది రెండో సంగతి.

తమ్ముడు ఇచ్చిన ఆల్బమ్ ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 1973. అది కూడా గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. 'ఓం నమః' ఇంకా చెవుల్లో ఉండగానే ఇది రావడంతో ఆ ఆదివారం అందరికీ మొదటి మాట అదే అయింది. తమ్ముడు వినమన్నది మాత్రం వేరే చోటు: "'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో మాటల కోసం వెతక్కండి." అందులో పాడిన క్లేర్ టోరీ అనే గాయనిని ఒక ఆదివారం సాయంత్రం స్టూడియోకి పిలిపించారు. సాహిత్యం లేదు. ఏం పాడాలో చెప్పడానికి వాళ్లకే సరిగ్గా తెలియదు. ఆమె తన గొంతునే వాయిద్యం అనుకుని పాడింది. ఆ రోజు ఆమెకి ఇచ్చింది ముప్పై పౌండ్లు. ఆ స్వరకల్పనలో తనకీ వాటా ఉందని చాలా ఏళ్ల తర్వాత ఆమె కోర్టుకి వెళ్లింది, 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి రచయితల పేర్లలో ఆమె పేరు కూడా వేస్తున్నారు. ఆలాపన అంటే కల్పన అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన గాయకులు రాగం ఎత్తుకుంటే అది వాళ్ల సొంతమే అని కచేరీ హాల్లో కూర్చున్న చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆమె కోర్టు మెట్లెక్కి నిరూపించుకోవాల్సి వచ్చింది.

'మనీ' అనే పాట డబ్బుల పెట్టె చప్పుడుతో, నాణేల గలగలతో మొదలవుతుంది. ఆ చప్పుళ్లే తాళం అవుతాయి. దెబ్బలు లెక్కపెడితే ఏడు. మాస్టారు వెంటనే మన ఏడు దెబ్బల తాళం మిశ్రచాపు అన్నారు. గిటార్ సోలో వచ్చే చోట ఏడు పోయి నాలుగైపోతుంది. వినేవాళ్లకి అక్కడ ఒక్కసారిగా దారి వెడల్పు అవుతుంది. తమ్ముడు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "అక్కా, పెళ్లిలో ఏడు కొడితే డాన్స్ ఆగిపోతుంది. జనం కాళ్లకి నాలుగే కావాలి. వీళ్లు ఏడు కొట్టి ప్రపంచమంతా అమ్మారు." తాళం గురించి పుస్తకాల్లో చదివింది వేరు, రోజూ జనం కాళ్లు చూస్తూ వాయించేవాడు చెప్పింది వేరు. నేను ఎనిమిదిన్నర వేశాను. అన్నయ్య ఆరున్నర. పాటలో మాట మనసుకి తగలకపోతే తనకి సగమే విన్నట్టుంటుందని ఆయన అన్నారు. ఆరున్నర చూసి తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. వయసులో చిన్నవాడు, తను పదో తరగతి నుంచి గుండెల్లో పెట్టుకున్న ఆల్బమ్ అది. ఈ పద్ధతిలో అసలు కష్టం వేసేవాళ్లది కాదు, ఇచ్చేవాళ్లది.

అది నాకూ తెలుసు. నా వంతుకి నేను ఇచ్చింది ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్?', 1986. సినిమా కోసం కాకుండా ఆయన విడిగా చేసిన వాద్య సంగీతం. త్యాగరాజుకీ జర్మనీ సంగీతకర్త బాఖ్‌కీ అంకితం. వయొలిన్ వి.ఎస్. నరసింహన్. నేను రాసిన వాక్యం: "'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్'లో వెనక వాయించేవాళ్లని కూడా చూడండి." ముందు వయొలిన్ మీద వినిపించేది బాఖ్ రాసిన మూడో పార్టీటా అనే ముక్కల వరుసలో మొదటిది, ప్రెలూడ్. బాఖ్ దాన్ని ఒక్క వయొలిన్ కోసమే రాశాడు, వెనక ఎవరూ ఉండరు. ఇళయరాజా దాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచి, చుట్టూ తీగ వాయిద్యాలతో తన మాట తాను చెప్పారు. మూడు వందల ఏళ్ల కిందటి పెద్దాయన ఇంటికొస్తే కాళ్లకి నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, మాట కలిపిన తీరు అది. ఆ తర్వాతి ట్రాక్ పేరే 'అండ్ వి హ్యాడ్ ఎ టాక్'. ఊళ్లో అన్నతో కలిసి హార్మోనియం పట్టుకుని తిరిగిన మనిషి, మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం కూర్చుని నేర్చుకున్న మనిషి, తన ఇద్దరు గురువులనీ ఒక గదిలో కూర్చోబెట్టిన ఆల్బమ్ అని నేను దీన్ని వింటాను. త్యాగరాజు తంజావూరు దగ్గర కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో రాముణ్ణి పిలిచాడు, బాఖ్ లైప్‌జిగ్‌లో చర్చి కోసం వారం వారం సంగీతం రాశాడు.

చెల్లి ఆరు వేసింది.

ఆరు! కారణం అడిగాను, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నించి అడిగాను. "అక్కా, ప్రతి ముక్కా చాలా బాగుంది. కానీ కర్ణాటక సంగీతం నడిచే చోట వెనక తీగ వాయిద్యాలు చదివి వాయిస్తున్నట్టున్నాయి. వయొలిన్ ఒకటే ఊపిరి పీలుస్తోంది. మృదంగం ఇంకొంచెం మాట్లాడనిస్తే బాగుండేది." ఆమె వీణ వాయించే మనిషి. ఆమెకి అలా వినిపించిందంటే కారణం ఉంటుంది. ఆ రాత్రి మళ్లీ విన్నాను, ఆమె చెప్పిన చోట్లలో ఆమె చెవితో వినాలని విన్నాను. ఆమె చెప్పింది నిజంగానే అక్కడ ఉంది. నాకు మాత్రం అదే ఆ ఆల్బమ్ అందం. రాసిపెట్టిన స్వరాలు చూసి వాయించే ఇరవై చేతులు ఒకవైపు, అప్పటికప్పుడు కల్పించుకునే మనోధర్మం మీద నడిచే ఒక్క చేయి ఇంకోవైపు. రెండూ కలిసిపోయాయని అబద్ధం చెప్పకుండా పక్కపక్కన నడవడం నాకు నచ్చుతుంది. తమ్ముడు తొమ్మిది, మాస్టారు తొమ్మిదిన్నర, అన్నయ్య ఎనిమిది వేశారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ ఆరే. ఎక్కువ వేసినవాళ్లు నాతో అరగంట కూడా మాట్లాడలేదు, చెల్లి గంటన్నర మాట్లాడింది.

అన్ని ఆల్బమ్‌లకీ ఇంత కథ ఉండదు. చెల్లి ఇచ్చిన కెనడా గాయని జోని మిచెల్ 'బ్లూ', 1971, నాకు మొదట మాటలు అందక ఇబ్బంది పెట్టింది. సాహిత్యం ముందు పెట్టుకుని చదువుతూ వింటే 'రివర్' దగ్గర గొంతు పట్టేసింది. ఎనిమిది. అన్నయ్య కూడా ఎనిమిది వేశారు. కాగితం మీద మాటలు కనిపిస్తే ఆయనకి ఏ భాష అయినా పాటే. మాస్టారు రెండోసారి వంతు వచ్చినప్పుడు 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' ఇచ్చారు. 1967. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. కాశ్మీర్‌లో ఒక గొర్రెల కాపరి రోజు ఎలా గడిచిందన్నది కథ. పొద్దున్న అహిర్ భైరవ్‌తో మొదలుపెట్టి ఏ వేళకి తగిన రాగంలో ఆ వేళ. మేం వెతుకుతున్న వరుసకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇందులో ఒక ట్రాక్ దాటేస్తే గంటలు దాటేసినట్టే. పొద్దున్న మెట్రోలో మొదటి సగం, సాయంత్రం తిరుగు ప్రయాణంలో రెండో సగం విన్నాను. మీరూ అలా విని చూడండి, ఒకేసారి వినకండి. ఏడున్నర వేశాను, ఎందుకంటే కాబ్రా గిటార్ ఉన్నంతసేపు నాకు మిగతా ఇద్దరూ వినపడరు, అది లేనప్పుడు దాని కోసమే ఎదురుచూస్తాను.

ఇంతకీ సగటు గొడవ చెప్పలేదు. అన్నయ్య ఆడిటర్ కదా, ఒక్కో పాటకీ విడిగా మార్కు వేసి, కూడి, భాగించి వచ్చిన దశాంశాన్ని దగ్గరి అర మార్కుకి సర్దుతారు. ఆయన దగ్గర ఎక్సెల్ షీటు ఉంది, రంగులతో సహా. మాస్టారు లెక్కల మాస్టారై ఉండి కూడా దీనికి గట్టి వ్యతిరేకి. కచేరీలో వర్ణానికి ఎన్ని, కృతికి ఎన్ని, మంగళానికి ఎన్ని అని వేసి సగటు తీస్తామా అంటారు. నేను మాస్టారి పక్షం. 'ద డార్క్ సైడ్' చివరి గుండె చప్పుడు విడిగా వింటే దానికి ఎంత వేస్తాం? దాని విలువంతా అంతకు ముందు నలభై నిమిషాల్లో ఉంది. అయితే అన్నయ్య షీటు వల్ల ఒక మేలు జరిగింది. ఏ ఆల్బమ్‌లో ఎవరి మనసు ఏ పాట దగ్గర జారిందో అందులో కనిపిస్తుంది. మార్కు వేసినవాళ్లం అందరం ఒకే చోట జారిన ఆల్బమ్ ఇప్పటిదాకా లేదు.

ఈ వారం అన్నయ్య వంతు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి టీటీడీ కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల ఇచ్చారు. అన్నమయ్య కీర్తనలున్నాయి, అయిదు రికార్డులు. ఇవ్వగానే తమ్ముడు, ఇది ఒక ఆల్బమా అయిదా అని అడిగాడు. మాస్టారు అయిదూ కలిపి ఒకటే అన్నారు, చెల్లి ఒక్కో రికార్డుకి ఒక్కో వారం కావాలంది. చివరికి ముందు మొదటి రికార్డు ఒక్కటే విని మార్కు వేద్దామని తేలింది. మార్కులు ఆదివారం రాత్రి తొమ్మిదింటికి. పొద్దున్నే మా ఇంట్లో అమ్మ వంటింట్లో పెట్టుకుని వినే కీర్తనలు అవి, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కూర్చుని వరుసగా వినలేదు. రేపు మియాపూర్‌లో ఎక్కగానే మొదలుపెడతాను. అన్నయ్య ఈసారి రాసిన వాక్యం: "ఒత్తులు వినండి, తెలుగు ఆవిడ అమ్మభాష కాదని ఎక్కడైనా దొరికితే చెప్పండి."